లూప్ ఎక్కడ ఆగాలి

1948 జూన్ 21. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఒక గదినిండా ఇనుప ర్యాకులు, వాటినిండా వాల్వులు, తీగలు. ‘బేబీ’ అని ముద్దుగా పిలుచుకున్న ఆ యంత్రం ఆ రోజు ఒక లెక్క మొదలుపెట్టి 52 నిమిషాలపాటు ఏకధాటిగా చేసింది. చివరికి తెర మీద జవాబు వెలుగు చుక్కల రూపంలో తేలింది. 1,31,072. ప్రోగ్రామ్‌ను తన మెమరీలోనే దాచుకుని నడిపిన మొట్టమొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ అది.

ఆ యంత్రాన్ని తయారుచేసినవాళ్ళలో ఒకరైన టామ్ కిల్‌బర్న్ రాసిన ఆ ప్రోగ్రామ్‌లో ఉన్నవి 17 ఆజ్ఞలు. ఆ 52 నిమిషాల్లో యంత్రం చేసిన పనులు సుమారు 35 లక్షలు. పదిహేడెక్కడ, ముప్ఫై అయిదు లక్షలెక్కడ! చేసిన ఆజ్ఞల దగ్గరికే వెనక్కి వెళ్ళి మళ్ళీ చెయ్యడం, ఎంతవరకు వచ్చామో ఒక అంకెలో గుర్తుపెట్టుకోవడం, ఆగాల్సిన చోట ఆగడం. ఈ మూడూ కలిసి అంత తేడా తెచ్చాయి. ప్రోగ్రామర్లు దీన్ని లూప్ అంటారు. లెక్క చూసుకుంటూ తిరిగేది కౌంటింగ్ లూప్. ఇవాళ్టి ప్రసంగం దాని గురించే.

బేబీకి ఇచ్చిన లెక్క ఏమిటో చూస్తే లూప్ పనితనం బాగా అర్థమవుతుంది. పద్దెనిమిది రెళ్ళను వరసగా గుణిస్తే 2,62,144 వస్తుంది. దాన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యల్లో, అదే సంఖ్యను పక్కన పెడితే, అన్నిటికన్నా పెద్దది ఏది? సరిసంఖ్య కాబట్టి అందులో సగమేనని బడిపిల్లలైనా చెప్పగలరు. జవాబు ముందే తెలుసు. తెలియాల్సింది యంత్రం అంతసేపు నమ్మకంగా పనిచేస్తుందా అన్నదే. అందుకని దగ్గరిదారి ఏదీ చెప్పకుండా, 2,62,143 నుంచి ఒక్కొక్కటే తగ్గించుకుంటూ ప్రతి సంఖ్యతోనూ భాగించి చూడమన్నారు. కానీ బేబీకి భాగహారం రాదు. గుణకారం రాదు. నేరుగా కూడిక కూడా రాదు. వచ్చింది తీసివేత ఒక్కటే.

అందుకే లూప్ లోపల ఇంకో లూప్ పెట్టాల్సి వచ్చింది. లోపలిది, తీసుకున్న సంఖ్యను 2,62,144 నుంచి పదే పదే తీసేస్తుంది. మిగిలింది సున్నా కన్నా తక్కువకు పడిపోగానే ఆగుతుంది. శేషం సున్నా కాదని తేలితే బయటి లూప్ సంఖ్యను ఒకటి తగ్గించి మళ్ళీ లోపలికి పంపుతుంది. బయటి లూప్ ఇలా 1,31,072 సంఖ్యలను పరీక్షించాకే జవాబు దొరికింది. ఎప్పుడు ఆగాలో యంత్రానికి చెప్పింది కూడా ఒకే ఒక్క ఆజ్ఞ: ఇప్పుడున్న విలువ సున్నా కన్నా తక్కువైతే పక్క ఆజ్ఞను దాటెయ్యి. యంత్రం దగ్గరున్న నిర్ణయశక్తి అంతా అదే. నేటి ఫోన్లలోని ప్రాసెసర్లలో లూపులు నడిచేది కూడా ఇలాంటి ఆజ్ఞల మీదే. వేగం కోట్ల రెట్లు పెరిగిందిగానీ విలువను చూసి దారి ఎంచుకునే ఆ పద్ధతి మారలేదు.

ఇవాళ సి భాష నేర్చుకునేవాళ్ళకు కౌంటింగ్ లూప్ ‘ఫర్’ అనే మాటతో పరిచయమవుతుంది. రేడియోలో కోడ్ రాసి చూపించడం కుదరదు కాబట్టి శ్రోతలు మనసులోనే రాసుకోవచ్చు. మెమరీలో ఐ అనే పేరుతో ఒక గడి ఉందనుకుందాం. ఫర్ అన్నాక బ్రాకెట్లలో మూడు సంగతులు చెప్పాలి. ఐ సున్నాతో మొదలవుతుంది. ఐ పది కన్నా తక్కువగా ఉన్నంతవరకు తిరగాలి. ఒక్కో చుట్టు అయ్యాక ఐకి ఒకటి కలపాలి. ఆ తర్వాత చెయ్యాల్సిన పని. అది ‘నమస్కారం’ అని తెర మీద అచ్చు వెయ్యడమే అనుకుందాం.

యంత్రం ముందు ఐలో సున్నా వేస్తుంది. ఈ పని ఒక్కసారే జరుగుతుంది. తర్వాత పరీక్ష: సున్నా పది కన్నా తక్కువేనా? అవును. నమస్కారం. ఐ ఒకటైంది. మళ్ళీ పరీక్ష, మళ్ళీ నమస్కారం. ఐ తొమ్మిదిగా ఉన్నప్పుడు పదో నమస్కారం పడుతుంది. అప్పుడు ఐ పది అవుతుంది. పది పది కన్నా తక్కువ కాదు కాబట్టి యంత్రం లూప్‌లోంచి బయటపడుతుంది. పని పదిసార్లు జరిగింది, పరీక్ష మాత్రం పదకొండుసార్లు. లూప్ ముగిశాక ఐలో మిగిలింది పది, తొమ్మిది కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఈ చివరి పరీక్ష దగ్గరే. లూప్ ఎలా తిరుగుతుందో తొందరగానే పట్టుబడుతుంది. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కాగితం మీద గీసి చూసుకున్నవాళ్ళకే నిలుస్తుంది.

ఈ ఆలోచన బేబీకన్నా వందేళ్ళ పైబడి పాతది. ఛార్లెస్ బాబేజ్ ఊహించిన అనలిటికల్ ఇంజన్ గురించిన ఒక ఫ్రెంచి వ్యాసాన్ని అడా లవ్‌లేస్ ఇంగ్లీషులోకి తెచ్చి, దానికి తన సొంత వివరణలు జోడించి 1843లో ప్రచురించారు. వ్యాసంకన్నా ఆ వివరణలే ఎక్కువ నిడివి. ఏడింటిలో చివరిదాంట్లో బెర్నూలీ సంఖ్యలను యంత్రంతో ఎలా రాబట్టవచ్చో పెద్ద పట్టికగా వేశారు. అందులో 25 క్రియలు వరసగా ఉంటాయి. 13 నుంచి 23 దాకా ఉన్నవాటిని మళ్ళీ చెయ్యాలని పట్టికలోనే రాసి ఉంది. ఒక గడిలో సంఖ్య మూడు, రెండు, ఒకటి అని తగ్గుతూ వస్తుంది. ఇంకా ఎన్ని చుట్లు మిగిలాయో చెప్పే కౌంటర్ అది. చుట్టు లోపల చుట్టు ఉండొచ్చని కూడా ఆమె వివరించారు. చిల్లుల అట్టలతో నడవాల్సిన ఆ యంత్రంలో, మళ్ళీ చెయ్యాలంటే అట్టల దండను వెనక్కి తిప్పాలి. యంత్రం ఎప్పటికీ పూర్తి కాలేదు. ఇంకా కాగితం మీదే ఉన్న యంత్రం కోసం, ఆగాల్సిన చోటుతో సహా లూప్‌ను అంత నిక్కచ్చిగా రాసిన ఆ మనిషి పట్ల గౌరవం కలగకుండా ఉండదు.

నిజమైన యంత్రాలు వచ్చాక ఎదురైన చిక్కు వేరు. మెమరీలో వరసగా ఉన్న వంద సంఖ్యలను కూడాలంటే ప్రతి చుట్టులోనూ పక్క గడికి వెళ్ళాలి. తొలినాటి యంత్రాల్లో ఇందుకోసం ప్రోగ్రామ్ తన ఆజ్ఞనే తను దిద్దుకునేది. ‘అయిదో గడిలోది కలుపు’ అన్న ఆజ్ఞకు ఒకటి కలిపి ‘ఆరో గడిలోది కలుపు’ అని మార్చుకునేది. తప్పు దొర్లితే ప్రోగ్రామ్ తనను తానే చెరిపేసుకునే ప్రమాదం. 1949 నాటి మాంచెస్టర్ మార్క్ 1లో దీనికి విరుగుడు దొరికింది. ఆజ్ఞను తాకకుండా, గడి నంబరుకు కలపాల్సిన విలువను విడిగా ఒక చోట ఉంచారు. తర్వాత దానికి ఇండెక్స్ రిజిస్టర్ అనే పేరు స్థిరపడింది. లూప్ కౌంటర్‌కు యంత్రంలోనే ఒక సొంత చోటు ఏర్పడింది.

అదే రోజుల్లో స్విట్జర్లాండ్‌లో హైన్జ్ రుటిస్‌హౌజర్ అనే గణితవేత్త, లూప్‌ను గణితంలో రాసుకున్నంత సులువుగా రాసే పద్ధతి ఒకటి జర్మన్‌లో ప్రతిపాదించారు. ‘ఫర్’ అనే మాటతో లూప్‌ను మొదలుపెట్టడం అక్కడినుంచే వచ్చింది. 1957లో జాన్ బాకస్ బృందం ఐబీఎం 704 యంత్రం కోసం ఫోర్ట్రాన్ భాషను విడుదల చేసింది. అందులో లూప్ పేరు ‘డూ’. డూ 10 ఐ ఈక్వల్ టు 1 కామా 100 అని రాస్తే, 10 అనే నంబరున్న వాక్యం దాకా ఉన్నదంతా వందసార్లు జరుగుతుంది. ఆ యంత్రంలో ఇండెక్స్ రిజిస్టర్లు మూడే. ఏ లూప్‌కు ఏది కేటాయించాలో మనిషికి బదులు, ప్రోగ్రామ్‌ను యంత్రం ఆజ్ఞల్లోకి మార్చే కంపైలరే తేల్చుకునేది.

అయితే ఒక మెలిక ఉండేది. జాబితాలో ఉన్న పేర్లన్నీ అచ్చు వెయ్యమన్నామనుకుందాం. జాబితా ఖాళీగా ఉంటే? ఒక్కసారి కూడా తిరగకూడదు. పాత ఫోర్ట్రాన్ కంపైలర్లు చాలావాటిలో పని ముందు, పరీక్ష వెనక. అంటే ఏమీ లేకపోయినా లూప్ ఒకసారి తిరిగేది, లేని పేరును అచ్చు వేసేది. ఫోర్ట్రాన్ 77 ప్రమాణం దీన్ని సరిదిద్దింది. ఎన్ని చుట్లు తిరగాలో మొదలుపెట్టకముందే లెక్కకట్టి, సున్నా అయితే లోపలికే పోకూడదని నిర్దేశించింది. ఇది చూడ్డానికి చిన్న దిద్దుబాటు. కానీ ఖాళీ జాబితా, సెలవురోజు హాజరు, బ్యాలెన్సు లేని ఖాతా లాంటివి నిజజీవితంలో రోజూ ఎదురవుతాయి. ముందు పరీక్షించే లూప్ వాటిని ప్రత్యేకంగా పట్టించుకోనక్కర్లేకుండానే దాటేస్తుంది.

సున్నాతో ఎందుకు మొదలుపెట్టాలన్నది క్లాసుల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న. మెమరీలో పది గడులు వరసగా ఉంటే, మొదటి గడి వరస మొదలైన చోటుకు సున్నా దూరంలో ఉంటుంది. రెండోది ఒక గడి దూరంలో. సి భాషలో గడి సంఖ్య చెప్పేది ఆ దూరాన్నే. పదో గడి సంఖ్య తొమ్మిది. పొరపాటున ‘పది కన్నా తక్కువ’ అనే చోట ‘పది లేదా అంతకన్నా తక్కువ’ అని రాస్తే లూప్ పదకొండో చుట్టు తిరిగి, తనది కాని గడిలో చెయ్యి పెడుతుంది. అక్కడ ఇంకో లెక్క దాచి ఉంటే అది చెడుతుంది. భాష దాన్ని ఆపదు, హెచ్చరించదు.

ఈ తప్పు కంప్యూటర్లకే పరిమితం కాదు. వంద అడుగుల పొడవున కంచె వెయ్యాలి, పది అడుగులకొక రాయి పాతాలి. ఎన్ని రాళ్ళు కావాలంటే చాలామంది చటుక్కున పది అంటారు. మొదటి రాయిని మరిచిపోతారు. కావాల్సినవి పదకొండు.

డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఈ విషయం మీదే 1982 ఆగస్టులో ఒక చిన్న వ్యాసం రాశారు. రెండు నుంచి పన్నెండు దాకా ఉన్న సంఖ్యలను చెప్పడానికి నాలుగు విధాలున్నాయి. మొదటి అంకెను కలుపుకొని చివరిదాన్ని వదిలేసే విధం మేలని ఆయన వాదించారు. రెండు దగ్గర మొదలై పదమూడుకు ముందు ఆగాలి అని చెప్పుకుంటే, పదమూడులోంచి రెండు తీసేస్తే పదకొండు. ఎన్ని అంకెలున్నాయో సరిగ్గా అంతే. తర్వాతి వరస ఎక్కడ మొదలవ్వాలన్నా వెతుక్కోనక్కర్లేదు, పదమూడు దగ్గరే. మధ్యలో సందు ఉండదు, ఏదీ రెండుసార్లు లెక్కకు రాదు. నేటి పైథాన్ భాషలో రేంజ్ ఒకటి, పదకొండు అని రాస్తే ఒకటి నుంచి పది వరకే వస్తాయి. పిల్లలకు అది మొదట మోసంలా తోస్తుంది. డైక్‌స్ట్రా తీసివేతను నల్లబల్ల మీద ఒక్కసారి చేసి చూపించే ఉపాధ్యాయుడు దొరికితే ఆ అనుమానం అక్కడికక్కడే తీరుతుంది.

లూప్ నడుస్తుండగా లోపలినుంచి కౌంటర్‌ను మార్చవచ్చా? దీని మీద భాషలకు ఏకాభిప్రాయం లేదు. ఫోర్ట్రాన్ ఒప్పుకోదు. సి ఒప్పుకుంటుంది. ఐ మూడుగా ఉన్నప్పుడు లోపల దాన్ని ఎనిమిది చేస్తే తర్వాతి చుట్టు తొమ్మిదితోనే మొదలవుతుంది. పైథాన్‌లో మార్చినా ఆ చుట్టు వరకే. తర్వాతి విలువ ముందే కట్టిన వరసలోంచి వస్తుంది కాబట్టి మార్పు మాయమవుతుంది. స్వేచ్ఛ ఉండటం బాగానే ఉంటుందిగానీ, లూప్ పైవాక్యం చదివి ఎన్నిసార్లు తిరుగుతుందో నమ్మకంగా చెప్పగలగడం అంతకన్నా విలువైనది. ఇంకొకరు రాసిన ప్రోగ్రామ్‌ను చదివి బాగుచెయ్యాల్సిన రోజున ఆ విలువ తెలుస్తుంది.

ఇంజనీరింగ్ కాలేజీల ప్రోగ్రామింగ్ ల్యాబుల్లో మొదట్లోనే చేయించే అభ్యాసాల్లో ఎక్కాలు అచ్చు వెయ్యడం ఒకటి, చుక్కలతో త్రిభుజం గీయడం ఒకటి. ఒకటో ఎక్కం నుంచి ఇరవయ్యో ఎక్కం దాకా, ఒక్కోటీ పదేసి వరసలు. బయటి లూప్ ఏ ఎక్కమో చూసుకుంటుంది, లోపలిది ఏ వరసో. బయటిది ఒక అడుగు వేసేలోపు లోపలిది పది అడుగులూ వేసి, మళ్ళీ మొదటికి వస్తుంది. మొత్తం 200 వరసలు. త్రిభుజం ఇంకొంచెం తమాషాగా ఉంటుంది. మొదటి వరసలో ఒక చుక్క, రెండోదాంట్లో రెండు. లోపలి లూప్ ఎక్కడ ఆగాలో బయటి లూప్ కౌంటరే చెప్తుంది. ఆ ఒక్క సంగతి మనసుకెక్కితే సగం పాఠం వచ్చినట్టే.

లోపలి లూపులతో ఖర్చు ఎంత పెరుగుతుందో మాత్రం ల్యాబులో కనపడదు, అయిదు వరసల త్రిభుజానికి పదిహేను చుక్కలే కాబట్టి. ఒక పేర్ల జాబితాలో ఒకే పేరు రెండుసార్లు ఉందేమోనని ప్రతి పేరునూ మిగతా ప్రతి పేరుతో పోల్చి చూస్తే, పదివేల పేర్లకు దాదాపు అయిదు కోట్ల పోలికలు. లక్ష పేర్లకు దాదాపు 500 కోట్లు. పేర్లు పదిరెట్లయితే పని వందరెట్లు. అందుకే అనుభవమున్నవాళ్ళు ముందు జాబితాను మంచి పద్ధతిలో అక్షర క్రమంలో పేర్చుకుని, పక్కపక్క పేర్లనే పోలుస్తారు. కొన్నిసార్లు అసలు లూపే అక్కర్లేదు. ఒకటి నుంచి వెయ్యి దాకా కూడటానికి వెయ్యిని వెయ్యిన్నొకటితో గుణించి సగం చేస్తే చాలు. క్లాంగ్ లాంటి నేటి కంపైలర్లు కూడా అలాంటి లూప్ కనిపిస్తే దాన్ని తీసేసి ఆ సూత్రాన్నే పెట్టేస్తాయి.

కౌంటర్ ఉండే గడికి ఒక పరిమాణం ఉంటుంది. ఎనిమిది బిట్ల గడిలో, అంటే ఎనిమిది సున్నాలో ఒకట్లో పట్టే గడిలో, 255 వరకే పడుతుంది. ఇంకొకటి కలిపితే మళ్ళీ సున్నా. దీని ఫలితాన్ని లోకం ఒక ఆటలో చూసింది. 1980లో జపాన్‌లో నామ్‌కో సంస్థ విడుదల చేసిన ప్యాక్‌మ్యాన్‌లో, తెర అడుగున కుడివైపు పళ్ళ బొమ్మలు వస్తాయి. ఎన్నో దశలో ఉన్నామో అవి గుర్తుచేస్తాయి. దశ సంఖ్య ఎనిమిది బిట్ల గడిలో ఉండేది. 256వ దశకు చేరినవాళ్ళకు ఆ గడి నిండిపోయి, పళ్ళు వేసే భాగానికి సున్నా అందుతుంది. ఆ లూప్ ముందు ఒక పండు వేసి, తర్వాత కౌంటర్‌ను ఒకటి తగ్గించి, సున్నా అయిందా అని చూసేది. సున్నాలోంచి ఒకటి తీసేస్తే ఎనిమిది బిట్లలో 255. సున్నా కాదు కదా, ఇంకో పండు. అలా 256 పళ్ళు గీసేస్తుంది. వాటికి తెర మీద చోటు లేక, తెర కుడి సగమంతా అర్థంలేని అక్షరాలతో, రంగులతో చెల్లాచెదురవుతుంది. ఎడమ సగం చక్కగానే ఉంటుంది. తినాల్సిన చుక్కలు అన్నీ దొరకవు కాబట్టి ఆట ముందుకు పోదు. పాత ఫోర్ట్రాన్‌లో ఖాళీ జాబితాను పాడుచేసిన గుణమే ఇక్కడా ఉంది. పరీక్ష వెనక పెట్టిన లూప్‌కు సున్నా అందడం.

దశాంశాలను కౌంటర్‌గా వాడటం కూడా ఇంతే ప్రమాదం. సున్నాతో మొదలుపెట్టి పదోవంతు చొప్పున కలుపుతూ, సరిగ్గా ఒకటి అయినప్పుడు ఆగు అని రాస్తే చాలా భాషల్లో ఆ లూప్ ఆగదు. యంత్రం వాడే బైనరీలో, అంటే సున్నా ఒకట్ల లెక్కలో, పదోవంతు కచ్చితంగా పట్టదు. పదిసార్లు కలిపాక వచ్చేది ఒకటికి రవ్వంత తక్కువ, పదకొండోసారికి ఒకటిని దాటిపోతుంది. కౌంటర్‌గా పూర్ణసంఖ్యను ఉంచి, కావాల్సినప్పుడు దాన్ని పదితో భాగించుకోవడం మేలు.

ఇక ఆగని లూపుల్లో చాలామందికి తగిలినది ఒకటి 2008 డిసెంబర్ 31న బయటపడింది. మైక్రోసాఫ్ట్ జూన్ అనే మ్యూజిక్ ప్లేయర్లు, 30 జీబీ మోడల్‌వి, ఆ రోజు ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. తప్పు తేదీ లెక్కకట్టే ఒక లూప్‌లో ఉంది. పరికరంలోని గడియారం 1980 నుంచి గడిచిన రోజుల సంఖ్యను ఇస్తుంది. దాన్నిబట్టి ఏ సంవత్సరమో తేల్చాలి. రోజులు 365 కన్నా ఎక్కువ ఉన్నంతవరకు లూప్ తిరుగుతుంది. మామూలు సంవత్సరమైతే 365 తీసేసి సంవత్సరానికి ఒకటి కలుపుతుంది. లీపు సంవత్సరమైతే, రోజులు 366 కన్నా ఎక్కువ ఉంటేనే 366 తీసేసి ఒకటి కలుపుతుంది.

2008 లీపు సంవత్సరం. డిసెంబర్ 31 దాని 366వ రోజు. ఆ రోజు లూప్ 2007 దాకా సజావుగా వచ్చింది. 2008 దగ్గర మిగిలిన రోజులు సరిగ్గా 366. అది 365 కన్నా ఎక్కువ కాబట్టి లూప్ లోపలికి వెళ్ళింది. 366 కన్నా ఎక్కువ కాదు కాబట్టి ఏదీ తీసెయ్యలేదు, ఏదీ కలపలేదు. మళ్ళీ పైకి వెళ్ళింది. రోజులు ఇంకా 366. ఒక్క విలువా మారకుండా అది అక్కడే తిరుగుతూ ఉండిపోయింది.

బ్యాటరీ పూర్తిగా అయిపోయేదాకా ఆగి, జనవరి 1న మళ్ళీ ఛార్జి చేసి ఆన్ చెయ్యమని సంస్థ సలహా ఇచ్చింది. ఆ సలహా పనిచేసింది. మరునాటికి మిగిలిన రోజులు 367. 366 తీసేస్తే ఒకటి మిగులుతుంది, సంవత్సరం 2009 అవుతుంది, లూప్ బయటికొస్తుంది. కానీ కోడ్‌ను అలాగే వదిలేస్తే 2012 డిసెంబర్ 31న మళ్ళీ అదే జరగాలి. లీపు సంవత్సరం దగ్గరికి వచ్చాక మిగిలిన రోజులు 366కు మించకపోతే లూప్‌లోంచి బయటికి రమ్మని ఒక్క షరతు చేరిస్తే, 2012లోనే కాదు, ఆ తర్వాత వచ్చే ఏ లీపు సంవత్సరం చివరి రోజునైనా ఆ లూప్ సరిగ్గానే ఆగుతుంది.